ఆరో గడి

రాత్రి నానబెట్టిన గోధుమలను లత పొద్దున్నే జల్లెడలో పోసి నీళ్లు వార్చింది. గుప్పెడు గింజలు అరచేతిలోకి తీసుకుని వాసన చూసింది. పచ్చిపిండి వాసన తప్ప మరేమీ లేదు. వాకిట్లో ఆమె అన్న కూతురు, ఇంకో ఆరుగురు పెళ్లికాని పిల్లలు తీగతో అల్లిన బుట్టలు ముందేసుకుని కూర్చున్నారు. బుట్టల్లో పుట్టమన్ను, మేకల ఎరువు నింపడం అయిపోయింది. గింజలు చల్లితే ఈ పూటకు పని తీరినట్టే. ఇక తొమ్మిది రోజులు పూటపూటకూ నీళ్లు పోస్తూ, పాటలు పాడుతూ వాటిని పెంచాలి. శ్రావణం వచ్చిందంటే మహబూబాబాద్ చుట్టూ ఏ లంబాడా తండాలో చూసినా ఈ తీజ్ సందడే.

లతకు దొరికింది ఒక్కరోజు సెలవు. ఆ ఒక్కరోజుకూ లాప్‌టాప్ వెంట తెచ్చుకుంది. వాళ్లమ్మ పొద్దుటి నుంచి గొణుగుతూనే ఉంది. ఆమె తప్పేం లేదు, కూతురు పదేళ్లుగా పండక్కి జైలు కాగితాలు పట్టుకునే వస్తోంది.

డాక్టర్ భూక్యా లత వరంగల్‌లో నేర మనస్తత్వశాస్త్రం పాఠాలు చెబుతుంది. జైల్లో ఉన్న మనిషి బయటపడితే మళ్లీ నేరం చేస్తాడా, మారి బతుకుతాడా అన్నది అంచనా కట్టే ఒక పట్టిక మీద ఆమె పీహెచ్‌డీ చేసింది. అందులో ఇరవై ప్రశ్నలు, ఒక్కోదానికి కొన్ని మార్కులు. ఈ పరీక్షలో ఎక్కువ మార్కులు తెచ్చుకున్నవాడే తప్పినట్టు. ఇరవై నాలుగు వచ్చాయంటే మనిషి ప్రమాదకారి కింద లెక్క. చిల్పూర్ దగ్గర కొత్తగా పెట్టిన గోడల్లేని జైలు కోసం పన్నెండు మంది పేర్లు వచ్చాయి. పొలం పని, ఆదివారం ఇంటివాళ్లతో కలిసి అన్నం, శిక్షలో కోత. అక్కడికి పోవడమంటే సగం ఇల్లు చేరినట్టే. పన్నెండు మందిలో పదకొండు మంది గట్టెక్కారు. ఒక్కడికి ఇరవై ఆరు వచ్చాయి. అతని పేరు భద్రు. శుక్రవారం జనగామలో కమిటీ కూర్చుంటుంది. ఆలోగా లత సంతకంతో నివేదిక చేరాలి.

సంతకం పెట్టే ముందు ఒకసారి చూద్దామని ఆమె భద్రు పట్టిక తెరిచింది. పదిహేడో ప్రశ్న దగ్గర ఆగింది. జైల్లో పట్టుబడిన నిషేధ వస్తువులు: సారా, దాని తయారీ సామగ్రి. నాలుగు మార్కులు. కింద ఒక ముక్క రాసి ఉంది. నానబెట్టిన గోధుమలు, మట్టి, ప్లాస్టిక్ బకెట్ ఒకటి. తేదీ, పోయిన ఏడాది ఆగస్టు పదమూడు.

లత అరచేతికి ఇంకా గోధుమలు అంటుకునే ఉన్నాయి. ఆమె ఆ చేతిని చూసుకుంది. తేదీని మళ్లీ చూసింది. పోయిన ఏడాది ఆగస్టు పదమూడు కూడా శ్రావణమే.

"యాడీ," అని తల్లిని పిలిచింది. ఇంట్లో మాట్లాడుకునే భాషలోనే అడిగింది. "గోధుమలతోటి సారా వస్తదా?"

తల్లి చేతిలో చీపురు ఆపి కూతుర్ని ఎగాదిగా చూసింది. "గింత చదువు చదివి గదేం మాటనే. గోధుమలతోటి రొట్టె వస్తది."

"మట్టి కలిపితే?"

"మట్టి కలిపితే తీజ్ వస్తది. ఏందే, తబియత్ మంచిగున్నదా?"

పిల్లలు కిలకిలా నవ్వారు. లతకు నవ్వు రాలేదు. ఇప్పపువ్వుతో, బెల్లంతో కాచే సారా వాసన ఈ తండాలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. మట్టి వేసి సారా కాచే పిచ్చివాడు ఎక్కడా ఉండడని తనకూ తెలుసు. రెండు నెలల కిందట వరంగల్‌లో ఏసీ గదిలో కూర్చుని, తల కూడా ఎత్తకుండా ఆ నాలుగు మార్కులు వేసింది తనే.

ఎందుకు వేసిందో కూడా ఆమెకు తెలుసు. అసలు బాధ అదే. పరిశోధన మొదలుపెట్టిన కొత్తలో తోటి విద్యార్థి ఒకడు క్యాంటీన్‌లో నవ్వుతూ అన్నాడు, మీ తండా వాళ్లకు మార్కులు తగ్గించి వేస్తున్నావా అని. అందరూ నవ్వారు. లత కూడా నవ్వింది. అప్పటినుంచి తండా ఖైదీ ఎదురుగా కూర్చుంటే చాలు ఆమె గొంతు గట్టిపడేది. మిగతావాళ్లను పది ప్రశ్నలు అడిగే మనిషి వీళ్లను రెండే అడిగి ఊరుకునేది. తన వాళ్ల వైపు మొగ్గిందన్న పేరు రాకూడదని అవతలి వైపుకు పూర్తిగా ఒరిగిపోయింది. ఇది తలుచుకుంటే ఆమెకు తన మీద తనకే మండుకొచ్చింది.

లాప్‌టాప్ మూసేసింది. గింజలు చల్లుతుంటే మధ్యలో లేవకూడదని తల్లి కోప్పడింది. లత బుట్టలన్నీ పూర్తయ్యేదాకా ఉండి, చేతులు కడుక్కుని, భూపాలపల్లి బస్సులు ఎన్నింటికని అన్నను అడిగింది.

బుధవారం పొద్దున ఆమె భూపాలపల్లి దాటి పెద్దగుట్ట జైలు ముందు దిగింది. బొగ్గు లారీలు పోయే దారి అది. గేటు పక్క టేకు చెట్ల ఆకుల మీద నల్లటి దుమ్ము పేరుకుని ఉంది. హెడ్ వార్డరు యోహాను ఆమెను చూసి కుర్చీ తుడిచి వేశాడు. ఆయనది జఫర్‌గఢ్. ఇరవై ఏళ్ల సర్వీసు. గుండ్రటి చేతిరాత అంటే జైల్లో అందరికీ ఆయనే గుర్తొస్తాడు. ఏ ఖైదీ దగ్గర ఏం దొరికినా రిజిస్టర్ రాసే పని ఆయనదే.

"పోయినేడు భద్రు కాడ దొరికిన బకెట్ గురించి వచ్చిన అన్నా," అంది లత.

యోహాను మొహం చిన్నబోయింది. "నేనే రాసిన మేడం. ఏమన్న తప్పు వడ్డదా?"

"వాసన చూసిండ్రా?"

"వాసనొస్తే నాకు తెల్వదా. ఇరవై ఏండ్ల సంది గదే పని. దాంట్ల మట్టి వాసన తప్ప ఏం లేదు."

"మరి సారా అని ఎట్ల రాసిండ్రు?"

ఆయన రిజిస్టర్ తెచ్చి ఆమె ముందు తెరిచాడు. పేజీకి అడ్డంగా అచ్చు వేసిన గడులు. సారా, గంజాయి, ఫోను, నగదు, ఆయుధం. అంతే, అయిదు. యోహాను వేలితో ఒక్కో గడినీ తట్టాడు. "గోధుమలు ఏ గడిల వెట్టాలె, మీరే చెప్పుండ్రి. ఖాళీగ ఇడిస్తే కంప్యూటర్ ముంగటికి పోదు. వాపస్ పంపుతరు. ఉన్నదాంట్ల దగ్గెరగున్నది చూసి టిక్కు కొట్టిన. పక్కకు రాసేతందుకు గింత జాగ లేదు. కిందికి ఇరికిచ్చి ఒక ముక్క రాసిన."

లత ఆ అయిదు గడులనూ చూస్తూ ఉండిపోయింది. తన పీహెచ్‌డీ పుస్తకంలో అనుబంధం మూడులో ఉన్నవి ఇవే. వాటిని ఆమె కనీసం వందసార్లు చూసి ఉంటుంది. ఆరోది ఎందుకు లేదని ఒక్కసారి కూడా అనుకోలేదు.

"ఫొటో ఉన్నది మేడం," అని యోహాను ఫోను తీసి బొటనవేలితో చాలాసేపు వెనక్కి జరిపాడు. మనవరాలి బారసాల, చర్చి పండుగ, ఎద్దుల జత అన్నీ పోయాక బకెట్ వచ్చింది. సగానికి కోసిన రంగు డబ్బా అది. నిండా నాలుగు వేళ్ల ఎత్తు లేత మొలకలు. మంచం కింద వెలుతురు లేక కాస్త పసుపుగా ఉన్నాయి. డబ్బా అంచు చుట్టూ ఎర్ర దారం కట్టి ఉంది. లత ఫోను చేతిలోకి తీసుకుని ఆ దారాన్ని పెద్దది చేసి చూసింది. పదహారేళ్లప్పుడు తన బుట్టకు కూడా తల్లి సరిగ్గా అలాగే దారం కట్టింది.

"పారేసిండ్రా వీటిని?"

"పారెయ్య మనసొప్పలే. బావి గట్టు కాడ మట్టితోటే కుమ్మరిచ్చిన. కంకి కూడ వట్టింది. సూపరింటెండెంట్ సారు గొర్రె మేసిపోయింది," అన్నాడు యోహాను బాధగానే.

భద్రును ములాఖత్ గదిలోకి తెచ్చారు. బెంచీ అంచున సగం కూర్చుని చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. నలభై అయిదేళ్లుంటాయి. ఆ టిక్కు పడినప్పటినుంచి వంటశాల పని తీసేసి మరుగుదొడ్లు కడగమన్నారు. చేతివేళ్లు ఫినాయిల్‌కు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. తొమ్మిదేళ్ల కిందట పొలం గెట్టు తగాదాలో పార తిప్పాడు. వరసకు తమ్ముడయ్యేవాడు తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. చేయలేదని అతను ఏనాడూ బుకాయించలేదు. మొదటి రోజే కోర్టులో ఒప్పుకున్నాడు.

రెండు నెలల కిందట ఇదే బల్ల దగ్గర ఆమె కూర్చోగానే, పేరు, వయసు చెప్పండి అని మొదలుపెట్టింది. ఈసారి అలా మొదలుపెట్టలేదు.

"రామ్ రామ్, భియా," అంది.

భద్రు తలెత్తాడు. అన్నా అని తమ భాషలో ఒక చదువుకున్న మనిషి పిలవడం ఆ గదిలో అతను విని ఉండడు. ఆమె మెడలో వేలాడుతున్న గుర్తింపు కార్డును చూశాడు, మొహాన్ని చూశాడు. లత తన తండా పేరు చెప్పింది. తండ్రి పేరు లక్ష్మా అని చెప్పింది. అక్కడినుంచి మాటలన్నీ వాళ్ల భాషలోనే నడిచాయి.

"ఆ బకెట్ల ఏసింది తీజ్ గదా?"

చొక్కా అంచును మడతపెట్టాడు, విప్పాడు.

"మా బిడ్డ దీప," అన్నాడు చివరికి. "ఆ ఏడు పదారు నిండినయ్. అందరు పిల్లలు బుట్టలేసుకుంటుంటే మా తండా నాయక్ దాన్ని కూసోనియ్యలే. ఖూనీ చేసినోని బిడ్డ చేత్తోటి ఏస్తే తీజ్ మొలవదన్నడు. మా ఇంటిది సోమ్లీ ములాఖత్‌కొచ్చి ఒకటే ఏడుపు. నేనేం చెయ్యాలె గీడ? వంటకాడ పిడికెడు గోధుమలు తీస్కున్న. గది తప్పే. దాని పేరు మీద నేనే ఏసిన. మొలిచింది బాయీ. ఆరో దినానికి గింత." బాయీ అని చెల్లెల్ని పిలిచినట్టే పిలిచి, నాలుగు వేళ్లు కలిపి ఎత్తు చూపించాడు. అప్పుడు మాత్రం అతని మొహంలో గర్వం దాగలేదు.

"నేనడిగినప్పుడు గీ ముక్క చెప్తే అయిపోవు గదా."

"తీజ్ ఆడపిల్లలేసేది. మొగోణ్ని, నేనేసిన్నని గంత పెద్ద మేడంకు ఏ మొహం పెట్టుకుని చెప్పాలె? నవ్వుతరనుకున్న." మెల్లగా అన్నాడు, "నువ్వు మనదానివని నాకేమెరుక బాయీ. నువ్వు చెప్పకపోతివి."

అందులో నిష్ఠూరం లేదు. ఉన్న సంగతి చెప్పాడంతే. లత కళ్లు తుడుచుకుని, కాగితం తీసి అతను చెప్పింది చెప్పినట్టు రాసుకుంది. పిడికెడు గోధుమల తప్పు కూడా రాసింది.

గురువారం ఆమె జనగామలో ప్రొఫెసర్ సరోజ ఇంటి గంట నొక్కింది. ఆ పట్టిక తయారుచేసింది సరోజే. లతకు పీహెచ్‌డీ చేయించింది ఆమె, రేపటి కమిటీలో సభ్యురాలూ ఆమే. అరవై దాటినా వెన్ను వంగని మనిషి. వరండాలో చాట ముందేసుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. లత చెప్పిందంతా వింది. కాయలు తుంచడం ఆపలేదు.

"రెండు నెలల కింద నీ చేత్తో ఇరవై ఆరు. రేపు అదే చేత్తో ఎంతంటవు?"

"సారా లేదు కాబట్టి నాలుగు తీసెయ్యాలె మేడం. గోధుమలు తీసుకున్నందుకు ఒకటి వెయ్యాలె. ఇరవై మూడు."

"ఇరవై నాలుగుకు సరిగ్గా ఒక్క మార్కు తక్కువ, గట్టెక్కినట్టే. బాగ కుదిరింది," అంది సరోజ. ఎత్తిపొడుపు దాచుకోవడం ఆమెకు ఎన్నడూ అలవాటు లేదు. "లతా, వాళ్లు మార్కు గురించి అడగరు. నీ ఇంటిపేరు గురించి అడుగుతరు. వచ్చే నెల నీకు ప్రమోషన్ ఇంటర్వ్యూ ఉన్నది. తనవాళ్ల కోసం లెక్క మార్చిందన్న మాట ఒక్కసారి అంటుకుంటే పోదు. నీ పాత నివేదికలన్నీ తిరగేస్తరు."

"తిరగెయ్యనివ్వండి మేడం. నా ఇంటిపేరు గురించే పదేళ్లు భయపడ్డ. ఆ భయంతోటే ఆయనకు నాలుగు మార్కులేసిన. తెలిసి కూడ ఇప్పుడు ఊరుకుంటే, నేను చదివిన చదువు ఎవరికి పనికొచ్చినట్టు?"

సరోజ చేతిలో కాయ అలాగే ఆగింది. తన విద్యార్థి తనతో ఈ గొంతుతో మాట్లాడటం ఇదే మొదటిసారి. కోపం వచ్చిందో మెచ్చిందో మొహం చూసి చెప్పడం కష్టం.

"భద్రు కథ నువ్వు చెప్తే అది కథే," అంది. "పట్టిక తప్పు పట్టికతోనే చూపియ్యాలె. ఇన్నేళ్ల ఫారాలు నీ దగ్గరున్నయి గదా. తియ్యి."

భోజనాల బల్ల మీద లాప్‌టాప్ తెరిచారు. మూడు వందల ఎనభై మంది ఫారాలు. అందులో సారా గడిలో టిక్కు పడినవి నలభై ఒకటి. ఒక్కోదాని కింద వార్డర్లు ఇరికించి రాసిన ముక్కలను లత వెతికి చదువుతుంటే సరోజ కాగితం మీద రాసుకుంటూ పోయింది. సీసాలో సారా. సీసాలో సారా. వేపనూనె సీసా, తలకు రాసుకునేది. గ్లాసులో పులిసిన గంజి. ప్రార్థన చేసి ఇచ్చిన నూనె, జఫర్‌గఢ్. బెల్లం ముక్క, బిడ్డ పుట్టిన సంబరానికి పంచినది. పులిసిన గంజి దగ్గర సరోజ పెన్ను ఆగింది. తన చిన్నతనంలో వాళ్లమ్మ పొలానికి తీసుకుపోయింది అదే. సాయంత్రానికి లెక్క తేలింది. నలభై ఒకటిలో నిజంగా సారా అన్నది పంతొమ్మిదే. మిగిలిన ఇరవై ఇద్దరికీ చేయని తప్పుకు తలా నాలుగు మార్కులు పడ్డాయి.

సరోజ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. చిక్కుడుకాయలు వరండాలో అలాగే వాడిపోతున్నాయి.

"రేపు మీరేమంటరు మేడం?" అని అడిగింది లత.

"రేపటి మాట రేపే," అంది సరోజ.

శుక్రవారం కమిటీలో నలుగురు కూర్చున్నారు. అధ్యక్ష స్థానంలో రిటైరైన జడ్జి, పక్కన పెద్దగుట్ట జైలు సూపరింటెండెంట్ మహేందర్, చిల్పూర్ జైలు అధికారి, చివరి కుర్చీలో సరోజ. పదకొండు పేర్లు పావుగంటలో అయిపోయాయి. భద్రు పేరు దగ్గర లత లేచి నిలబడింది. తను వేసిన ఇరవై ఆరు తప్పని, ఇరవై మూడని చెప్పింది. గదిలో అందరూ కాగితాల మీది నుంచి తలలెత్తారు.

మహేందర్ గొంతు సవరించుకున్నాడు. చెడ్డవాడు కాదు, జాగ్రత్తపరుడు. "ఏమనుకోకుండ్రి డాక్టరమ్మా. మీరు కూడ లంబాడానే గదా?"

సరోజ చెప్పిన ప్రశ్న చెప్పినట్టే వచ్చింది. పదేళ్లుగా లత భయపడుతున్న ప్రశ్న అది. తీరా వచ్చాక చూస్తే అంత పెద్దదేమీ కాదనిపించింది.

"అవును సార్. మహబూబాబాద్ పక్క తండా మాది. పదహారేళ్లప్పుడు నేను కూడా తీజ్ బుట్ట నెత్తిన పెట్టుకుని చెరువుకు నడిచిన. ఈ గదిలో అందరికంటే ముందు నాకే తెల్వాలె, ఆ బకెట్‌లో ఉన్నది ఏందో. తెలిసేది కూడా. నా వాళ్లని కనికరించిన్నని మీరడుగుతరని భయపడి కాగితం తప్ప మనిషిని చూడలే. తప్పు నాది. దిద్దుతున్న."

బల్ల మీద రంగు ఫొటో పెట్టింది. జడ్జి దాన్ని దగ్గరికి తీసుకుని చాలాసేపు చూశాడు. రిజిస్టర్ రాసిన మనిషిని పిలవమన్నాడు. భద్రు ఫైలు పట్టుకుని బయట బెంచీ మీద కూర్చున్న యోహాను లోపలికి వచ్చి సెల్యూట్ కొట్టాడు.

"ఇందులో సారా ఉందా?"

"లేదు సార్. తెల్సే రాసిన. వేరే గడి లేదు."

"మరి ఈ ప్రార్థన నూనె?" జడ్జి సరోజ రాసిన జాబితా మీద వేలు పెట్టాడు.

యోహాను తల వంచుకున్నాడు. "గది కూడ నేనే సార్. మా సంఘపోళ్లిచ్చే నూనె. మా ఇంట్ల దేవుని బొమ్మ కాడ గదే సీసా ఉంటది. ఆ పిలగానికి సారా గడిల టిక్కు కొట్టి ఇంటికి పోయి, ఆ సీసా ముంగటనే మోకరించిన."

ఎవరూ నవ్వలేదు. మహేందర్ మాత్రం కుర్చీలో కదిలాడు. "ఒక్కరి కోసం ఇన్నేళ్ల పట్టికను తప్పంటే ఎట్ల సార్? మేడం తయారుచేసిన పట్టిక ఇది. వారినే అడుగుదాం."

అందరూ సరోజ వైపు చూశారు. ఆమె కాదంటే భద్రు మళ్లీ ఆ మరుగుదొడ్లకే పోతాడు. ఈ కమిటీ మళ్లీ ఎప్పుడు కూర్చుంటుందో ఎవరికీ తెలియదు.

సరోజ కూర్చున్న చోటి నుంచే మాట్లాడింది. "ఈ ఇరవై ప్రశ్నలకు నేను ఆరేళ్లు కష్టపడ్డ. ఈ అయిదు గడులు మాత్రం హైదరాబాద్‌లో ఒక మధ్యాహ్నం కూర్చుని గీసిన. ఖైదీ దగ్గర ఏమేం దొరుకుతయని ఆలోచించిన గని, ఎందుకు పెట్టుకున్నడని ఆలోచించలే. నేను పుట్టింది ఈ జనగామలనే. మా అమ్మ తాగిన గంజిని కూడా సారా అని రాయించిన." ఖాళీ ఫారం ఒకటి ముందుకు లాక్కుని, స్కేలు కూడా లేకుండా, ఆయుధం గడి పక్కన ఇంకో గడి గీసింది. దాంట్లో నిలువుగా రాసింది: ఇతరం, ఖైదీ ఏం చెప్పాడో అతని మాటల్లో. ఫారాన్ని జడ్జి వైపు తోసింది. "డాక్టర్ లత లెక్క సరైంది. ఇరవై మూడు. మిగతా ఇరవై ఒక్కమందిని కూడా ఆమెనే మళ్లీ చూడనియ్యుండ్రి. నాకంటే మంచిగ చూస్తది."

జడ్జి భద్రు పేరు పక్కన సంతకం పెట్టాడు. మహేందర్ కాసేపు ఆలోచించి తనూ పెట్టాడు. పెట్టి, "ఆ మొలకలు మా గొర్రె తిన్నది," అన్నాడు, ఒప్పుకోవలసింది తన దగ్గర కూడా ఒకటుందన్నట్టు.

బయటికొచ్చాక లత జనగామ బస్టాండ్ ముందు యోహానుకు వేడివేడి మిరపకాయ బజ్జీలు ఇప్పించి తనూ నాలుగు తిన్నది. కళ్లవెంట నీళ్లొచ్చాయి. కారం వల్లనే అని ఆమె చెప్పలేదు, ఆయన అడగలేదు. ఆమెకు పట్టరానంత సంతోషంగా ఉంది. తల్లికి ఫోన్ చేసి, "యాడీ, మట్టి కలిపితే తీజే వచ్చింది," అంది. తల్లికి ఏమీ అర్థం కాలేదు, కాని కూతురి గొంతు విని ఆమె కూడా నవ్వింది.

తీజ్ తొమ్మిదో రోజు బుధవారం వచ్చింది. అన్న కూతురి బుట్ట చెరువుకు పోయేది సాయంత్రం కాబట్టి పొద్దున లత చిల్పూర్ జైలుకు బయలుదేరింది. సరోజ కూడా వస్తానంది. గోడల్లేని జైలుకు గేటు మాత్రం ఉంది. గేటు దగ్గర ఒక రేకుల గది, అందులో బల్ల, బల్ల మీద రిజిస్టర్. అక్కడ యోహాను కనిపించేసరికి లత ఆశ్చర్యపోయింది. సోమవారం భద్రును వ్యానులో దింపడానికి వచ్చినవాణ్ని, మనుషులు తక్కువున్నారని వారం పాటు ఇక్కడే ఉంచేశారట.

పదిగంటలకు ఆటో దిగింది సోమ్లీ. వెనకే దీప దిగింది. దీప నెత్తిమీద బుట్ట ఉంది. నిండా జానెడు మొలకలు, గాలికి ఊగుతున్నాయి.

"ఈ ఏడు నాయక్ ఒప్పుకున్నడా?" అడిగింది లత.

"వాన్ని ఎవరు అడిగిండ్రు," అంది సోమ్లీ. "నా వాకిట్ల నేనే పందిరేసిన. నా బిడ్డ ఒక్కతే పాట పాడింది. మూడో దినం పక్కింటి పిల్లలొచ్చి కూసున్నరు. ఆరో దినం నాయక్ మనుమరాలే చెంబు పట్టుకొని వచ్చింది."

లోపల మిరప నారు మడి దగ్గర వంగి ఉన్న భద్రు లేచి చూశాడు. పరుగెత్తుకు రావాలని ఉన్నా నడిచే వచ్చాడు. గేటు దగ్గరికొచ్చి లోపలి వైపే ఆగిపోయాడు. అతని కళ్లు కూతురి మొహం మీద కాకుండా ముందు బుట్ట మీదే నిలిచాయి. మొలకల ఎత్తును కంటితోనే కొలుచుకున్నట్టున్నాడు.

"ఖూనీ చేసినోని బిడ్డ ఏసింది బాపూ," అంది దీప. "ఎంత మంచిగ మొలిచిందో చూడు."

భద్రు తలకు చుట్టుకున్న తువ్వాలను సరిచేసుకుని తల వంచాడు. దీప బుట్ట కింద పెట్టబోయింది.

"ఆగమ్మా," అన్నాడు యోహాను. "లోపలికి పోయే వస్తువు ఏదైనా రాయాలె."

ఆయన రిజిస్టర్ తెరిచాడు. కొత్తగా అచ్చయి వచ్చింది, ఇంకా సిరా వాసన పోలేదు. ఆరు గడులున్నాయి. అయిదు గడుల మీదుగా పెన్ను పోనిచ్చి ఆరోదాని దగ్గర ఆపాడు. తలెత్తి భద్రు వైపు చూశాడు.

"ఏమని రాయాలె, నువ్వే చెప్పు."

భద్రు గొంతు సవరించుకున్నాడు. సరోజ వైపు, లత వైపు చూశాడు. ఈసారి అతను సిగ్గుపడలేదు.

"మా దీప తీజ్ అని రాయి సార్."

యోహాను తన గుండ్రటి చేతిరాతతో అలాగే రాశాడు. తొమ్మిదో రోజు అయినవాళ్ల తలలో పెట్టే ఆచారం ప్రకారం దీప గుప్పెడు మొలకలు తుంచి తండ్రి తలపాగాలో గుచ్చింది. తర్వాత సరోజ కొప్పులో, లత జడలో పెట్టింది. యోహాను టోపీ తీసి ఆమె ముందుకు చాపాడు.